కత్తిపీట నలుపు, తుప్పు ఎఱుపు

వంటయింటి వస్తువుల శుభ్రతయందు మన గృహిణులు చూపు శ్రద్ధ కొనియాడదగినదే. ఐనను ఆ శ్రద్ధయే ఒక్కొక్కచోట వస్తువునకు చేటు తెచ్చుట మేము చూచుచున్నాము. అట్టి వస్తువులలో మొదటిది కత్తిపీట. కొందఱు దీనినే ఈలపీట యందురు. అత్తగారి కాలమునుండి వచ్చిన కత్తిపీట అలుగు (చెఱువు అలుగు కాదు, కోయు అలుగు) నల్లగా నుండును. దాని ప్రక్కన అంగడినుండి తెచ్చిన స్టీలు చాకు అద్దమువలె మెఱయును. చూచువారికి మొదటిది మురికిగాను, రెండవది శుభ్రముగాను తోచుట సహజము. అంతట ఇటుకపొడియో, ఇనుప పీచో తీసికొని నలుపు వదలువఱకు తోముదురు. తెల్లనైన అలుగును చూచి సంతోషించి, తడితోనే మూలకు చేర్చుదురు. తెల్లవారునప్పటికి దానిమీద ఎఱ్ఱని చుక్కలు! “ఎంత తోమినను జంగు పట్టుచునే యున్నది, ఇక నిది పనికిరాదు” అని పాత సామానువానికి తూచి యిచ్చివేయుదురు. కత్తికి తుప్పు తెచ్చినది ఆ తోముటయే యని వారికి చెప్పువారు లేరు.

ఆ నలుపు వేఱు, ఈ యెఱుపు వేఱు. ఎఱుపు ఇనుమును తినును. నలుపు ఆ తిండిని కొంత నిలుపును. ఈ భేదము తెలిసిన యింట ఒక కత్తి రెండు మూడు తరములు నడచును. తెలియని యింట రెండు మూడేండ్లకే చెడును.

సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువనున్న అనంతగిరి మండలపు గృహములను తలచుకొని ఈ వ్యాసము వ్రాయుచున్నాము. వికారాబాదు కొండలలోని అనంతగిరి వేఱు, తూర్పు మన్యములోని అనంతగిరి వేఱు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన తరువాత, ఎడమకాలువ క్రింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు క్రమక్రమముగా వరిసీమ లయినవి. వరిసీమ యన్నచో ధాన్యలక్ష్మి వచ్చును గాని, ఇనుమునకు అది గడ్డుకాలము. వానకారు పంట దినములలో గాలియే తడిసియుండును. గోడలు చెమ్మగిల్లును. వరికోత యంత్రములు వచ్చిన పిదప, ఒకప్పుడు చేతినుండి దిగని కొడవళ్ళు చూరులోనే యుండిపోయినవి. వాడుచున్న కత్తికంటె వాడక మానిన కత్తికే తుప్పు త్వరగా పట్టును. దానికి కారణము ముందు తెలియగలదు.

తుప్పు పుట్టుటకు మూడు వస్తువులు కూడవలెను: ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు. వీనిలో ఏ యొక్కటి లేకున్నను తుప్పు లేదు. ఉప్పు తోడైనచో పని మఱింత వేగముగా సాగును. ఉప్పు తానుగా తుప్పును పుట్టింపదు. తడిని చక్కని విద్యుద్వాహకముగా మార్చి, ఇనుము కరగుటకు దారి సుగమము చేయును. అంతేకాక లోహముపై నున్న సన్నని రక్షకపు పొరలను చీల్చును. ఊరగాయ పెట్టిన చేతితో తాకి కడుగక వదలిన చాకును చూచినవారికి వేఱు సాక్ష్యము అక్కఱలేదు.

ఇట్లు పుట్టిన ఎఱ్ఱని తుప్పు, తాను తినిన యినుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. చోటు చాలక ఉబ్బి, పెళుసై, పొరలు పొరలుగా రాలును. రాలినచోట మరల క్రొత్త ఇనుము గాలికి బయటపడును. పైగా ఆ తుప్పు గుల్లగా నుండుటచేత నీటిని పీల్చి పట్టుకొనును. కావున ఒకసారి తుప్పు పట్టినచోటనే మరల మరల పట్టుచుండును. చీరమీది మరకవలె అది ఉన్నంతమేరనే యుండునని తలపరాదు.

ఇక నలుపు కథ. ఇది రెండు విధములుగా పుట్టును. ఒకటి కొలిమిలో పుట్టునది. కమ్మరి ఇనుమును ఎఱ్ఱగా కాల్చినప్పుడు దానిపై నీలి నలుపు పొర యొకటి ఏర్పడును. ఇదియు ఇనుమును ప్రాణవాయువును కలిసినదే. ఐనను ఎఱ్ఱతుప్పువలె గుల్లగా నుండక, దట్టముగా లోహము నంటిపెట్టుకొనును. రెండవది మన వంటయింటిలోనే పుట్టును, దానిని పుట్టించునది గృహిణి చేయి. పచ్చి అరటికాయ కోసినప్పుడు కత్తియు, చేతులును, ముక్కలును నల్లబడుట అందఱెఱిగినదే. అరటికాయ, అరటిపువ్వు, వంకాయ మొదలగువానిలో వగరు పదార్థములు కలవు. వీనిలో ముఖ్యమైనవానిని టానినులందురు. ఈ వగరు ఇనుముతో కలిసినంతనే నీలి నలుపు వస్తువొకటి ఏర్పడును.

మన పెద్దలు ఈ విద్యను వంటయింటిలో మాత్రమే గాక వ్రాతబల్లపైనను వాడుకొనిరి. కరక్కాయల కషాయములో అన్నభేది కలిపి సిరా కాచుట పూర్వము తెలిసిన పనియే. అన్నభేది యనగా ఇనుపలవణము, కరక్కాయ యనగా వగరు. ఆ రెండును కలిసి దస్తావేజులపై నూఱేండ్లు చెదరని నలుపయ్యెను. కత్తిపీటమీద అరటికాయ వ్రాసిన నలుపును ఆ జాతిదే. దస్తావేజు సిరాను చెఱుపవలెనని ఎవరును తలపరు గదా!

మామిడికాయ, నిమ్మకాయ, టమాటా వంటి పుల్లనివి కోసినప్పుడు కత్తిమీద బూడిదరంగు మచ్చలు తేలును. అదియు కడిగి ఆరబెట్టినచో క్రమముగా ఈ నలుపులో కలిసిపోవును. దినదినము పలువిధముల కూరగాయలు కోయుచు, వెంటనే తుడుచుచు వచ్చిన కత్తికి కొన్ని మాసములలో నీలము, ఊదా, బూడిద కలిసిన యొక రంగు వచ్చును. నిత్యము వాడు కత్తి తుప్పు పట్టదనుటకు కారణము ఇదియే: వాడినకొలది నలుపు నిండును, కడిగి తుడిచినకొలది తడి నిలువదు. చూరులోని కొడవలికి ఈ రెండును లేవు.

ఇంతమాత్రముచేత నలుపును వజ్రకవచమని నమ్మి యుండరాదు. అది మిక్కిలి పలుచని పొర. దానిలో కంటికి కనబడని సందులు కలవు. రాత్రియంతయు తడిలో నుంచినను, ఉప్పునీటిలో నుంచినను నల్లని కత్తియు తుప్పు పట్టును. పుల్లని చింతపండు రసములో నానినచో నలుపే కరగిపోవును. నలుపు చేయు మేలు ఒక్కటే, తుప్పు వేగమును తగ్గించును. అజాగ్రత్త ఒక గడియసేపు జరిగినను కత్తి దానిని సహించును, ఒక రాత్రి జరిగినచో సహింపదు. అందుచేత తుడుచుట మానుటకు నలుపు సాకు కాజాలదు.

ఇప్పుడు పల్లె కొలుములలో కత్తులకు తఱచుగా వాడునది పాత లారీల కమాను పట్టీ. దానిలో నూటికి అఱవంతు మొదలు ముప్పాతిక వంతువఱకు కర్బనము (బొగ్గు మూలపదార్థము) ఉండును. పదును నిలుచుటకు కారణము ఆ కర్బనమే. తుప్పును ఆపు క్రోమియమను లోహము దానిలో లేకుండుటయో, ఉన్నను నూటికి ఒకవంతునకు మించకుండుటయో జరుగును. కావున ఈ కత్తి చక్కగా కోయును, సానరాయిమీద సులభముగా పదునెక్కును, జాగ్రత్త లేనియెడల తుప్పును పట్టును. వచ్చిన చిక్కెల్ల ఈ మూడవదానితోనే.

తెలంగాణమునకు ఉక్కు క్రొత్త కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును బొగ్గుతో కరగించి ఉక్కుముద్దలు చేయుచుండిరి. త్రికోణమితి సర్వేతో వచ్చిన వాయిసీ యను వైద్యుడు 1820 దాటిన తొలి యేండ్లలో ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణము, ఆయన మరణానంతరము 1832లో అచ్చయినది. పారశీక వర్తకులు ఆ ఉక్కుకొఱకు ఇస్ఫహానునుండి అక్కడికి వచ్చి, తామే ముద్దలను పరీక్షించి కొనిపోవుచుండిరట. మన ‘ఉక్కు’ అను మాటయే ఐరోపావారి నోట ‘వూట్జ్’ అయినదని పలువురు పండితుల మతము. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు విద్యాసంస్థలవారు ఉత్తర తెలంగాణ పల్లెలలో తిరిగి ఆ కొలుముల చిట్టెపుగుట్టలను లెక్కకెక్కించిరి.

ఆ ఉక్కుతో చేసిన పారశీకపు ఖడ్గములపై నీటి అలలవంటి గీతలు కనబడును. అవి చెక్కినవి కావు, పూసినవి కావు. ఉక్కులోని గట్టి రేణువులు తెల్లగా నిలుచునట్లును, మెత్తని భాగము నల్లబడునట్లును ఘాటైన ద్రావకముతో తడుపగా బయటపడినవి. రాజులు లక్షలు పోసి కొనిన ఖడ్గపు సొగసునకును, మన కత్తిపీటమీద మామిడికాయ వేసిన మచ్చకును మూలము ఒక్కటే యన్నమాట! ఒకటి గాజుబీరువాలోను, రెండవది పాత సామాను సంచిలోను పడుచున్నవి.

ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఈ దేశపు ఉక్కుముద్దను 1819లో పరీక్షించెను. విద్యుచ్ఛాస్త్రమున ఆయన కీర్తి అందఱెఱిగినదే గాని, ఆయన ఒక కమ్మరి కుమారుడని చాలమంది యెఱుగరు. జేమ్సు స్టోడార్టు అను కత్తుల పనివానితో కలిసి ఆయన ఉక్కులో వెండి, ప్లాటినము మున్నగు లోహములను కలిపి చూచెను. వారు వెదకినవి రెండు: ఇంతకంటె చక్కగా కోయు ఉక్కు కలదా, ఇంతకంటె తక్కువగా తుప్పు పట్టు ఉక్కు కలదా యని. ఆ రెండవదానికి సమాధానము దొరకుటకు తొంబదేండ్లకు పైబడి పట్టినది. 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ, తుపాకి గొట్టములకు తగిన ఉక్కును వెదకుచు, నూటికి సుమారు 13 వంతుల క్రోమియము కలిసినది ద్రావకములకు లొంగకుండుట కనుగొనెను. అదియే స్టెయిన్‌లెస్ స్టీలునకు ఆరంభము. తొలినాళ్ళలో ఆ నగరపు కత్తులవారు ఆయనను, కోయని కత్తులు కనిపెట్టినవాడని పరిహసించిరట. ఆ పరిహాసములో కొంత నిజము లేకపోలేదు.

ఈ స్టీలు మెఱయుటకు కారణము దానిపై ఏ పొరయు లేకపోవుట కాదు. దానిపైనను పొర కలదు. క్రోమియమును ప్రాణవాయువును కలిసి కట్టిన ఆ పొర, మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందు కొన్ని భాగముల మందము మాత్రమే గనుక కంటికి కనబడదు. గీచినను గాలి సోకినంతనే తిరిగి కట్టుకొనును. మన కత్తి నలుపు తోమిన పోవును, మరల దానిని మనము పెంచవలెను. ఆ పొర తనంతట తాను వచ్చును. భేదము అంతమాత్రమే.

ఐనచో క్రోమియము విస్తారముగా నున్న ప్రతి కత్తియు తుప్పు పట్టదా? ఇచ్చట కొనువారు మోసపోవుట కలదు. పనిముట్లకొఱకు చేసిన గట్టి ఉక్కును ఇప్పుడు టూల్ స్టీలు పేర చాకులకును వాడుచున్నారు. వానిలో డి2 అనునది ప్రసిద్ధము. దానిలో క్రోమియము నూటికి 11 మొదలు 13 వంతులు. పదిన్నర వంతులుండిన స్టెయిన్‌లెస్ అనిపించుకొను లోకములో ఇది తుప్పు ఎఱుగనిదై యుండవలెను గదా! అట్లు కాదు. దానిలో కర్బనము కూడ ఒకటిన్నర వంతున్నది. ఆ కర్బనము క్రోమియములో చాలభాగమును పట్టి గట్టి రేణువులుగా బంధించును. తాకట్టులోనున్న నగ లెక్కకు మనదే గాని మెడలో కనబడునా? ఆ క్రోమియమును అట్టిదే, లెక్కలో నున్నదిగాని పొర కట్టుటకు రాదు. కావున ఇట్టి చాకులమీదను పుల్లనివి కోసి వదలినచో చుక్కలు పడును. పదును మాత్రము చాలకాలము నిలుచును.

ఇంకొక మాట. అయస్కాంతము అంటనిదే మంచి స్టీలని గిన్నెల అంగడిలో నేర్చుకొనిన పరీక్షను చాకులయెడ వాడరాదు. గట్టిపఱచిన స్టెయిన్‌లెస్ చాకునకును అయస్కాంతము అంటును.

పొరయే ఇనుమును కాపాడుననుటకు ఢిల్లీలోని ఇనుపస్తంభము చాలును. పదునాఱు వందల యేండ్లుగా అది వానలో నిలిచియున్నది. ఆ యినుములో భాస్వరము హెచ్చుగా నుండుటచేత, దానిపై సన్నని రక్షకపు పొర కాలక్రమమున ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు బాలసుబ్రహ్మణ్యముగారు 2000వ సంవత్సర ప్రాంతమున నిరూపించిరి. దానిని ఎవరును ఇటుకపొడితో తోమలేదు!

ఇక చేతిపని. క్రొత్త కత్తి కొలిమినుండి వచ్చినచో నూనె జిడ్డు పోవునట్లు సబ్బునీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పచ్చి అరటికాయను చీల్చి ఆ ముఖముతో అలుగంతయు రుద్దవలెను. పావుగంట నిలిపి కడిగి ఆరబెట్టవలెను. ఇట్లు మూడు నాలుగు దినములు చేసినచో నలుపు కుదురుకొనును. అరటికాయ లేనియెడల చక్కెరయు పాలును లేని చిక్కని టీ కషాయములో ఒకటి రెండు గంటలు ముంచియుంచినను చాలును. పైకి వచ్చు వదులు మసిని గుడ్డతో తుడిచివేయవలెను, దానిని చూచి భయపడనక్కఱలేదు.

దినచర్యలో చేయవలసినది కొంచెమే. కోయుట ముగిసినంతనే కడుగవలెను, కడిగినంతనే తుడువవలెను. తడిచేతి కొంగుతో కాక పొడిగుడ్డతో తుడువవలెను. పదును అంచును మఱవరాదు. సాన పట్టినప్పుడెల్ల ఆ అంచుననే క్రొత్త ఇనుము బయటపడును గనుక అక్కడ నలుపు ఎన్నడును నిలువదు. తుప్పు తఱచు అచ్చటనే మొదలిడును. కత్తిపీటకు అలుగు చెక్కలో దిగిన చోటు రెండవ గండము. అచ్చట తడి దాగి, పైకి కనబడక లోలోపల తినివేయును. వారమునకొకసారి ఎండలో పెట్టి, ఆ సందున చుక్క నూనె వేయవలెను. పాత్రలు తోము యంత్రములో ఇట్టి కత్తిని ఎన్నడును పెట్టరాదు.

నూనెలలో కొబ్బరినూనె మంచిది. నువ్వులనూనె, పల్లీనూనె కొన్ని వారములకు జిగటబాఱును. ఆముదము కొడవళ్ళకు చక్కగా పనికివచ్చును. నూనె పలుచగా, గుడ్డతో తుడిచినట్లుండిన చాలును.

మన పూర్వులు కత్తులను పొడి కట్టెబూడిదతో తోమి ఆ బూడిదలోనే గ్రుచ్చి యుంచుట కలదు. అది వట్టి అలవాటని నవ్వనక్కఱలేదు. బూడిద తడిని పీల్చును, క్షారమునగును. క్షారపు తడిలో ఇనుము తుప్పు పట్టదు. సిమెంటులోని కడ్డీలు నిలుచుటకు కారణము ఇదియే. కావలెనన్న ఒక గాజుగ్లాసులో ఉప్పునీరును, మఱియొక దానిలో తాంబూలపు సున్నపు తేటను పోసి, రెంటిలోను మెఱుగు మేకులు వేసి పిల్లలకు చూపుడు. మూడునాళ్ళలో వారికే తెలియును. ఐతే బూడిద తడిసి గడ్డకట్టినచో దానిని మార్చవలెను.

తుప్పు పట్టనే పట్టినదా? అలుగంతయు తోమక, ఎఱ్ఱగా నున్న మేరనే నూనెయు బూడిదయు కలిపి రుద్దుడు. పోకున్న చింతపండు గుజ్జును పావుగంట పెట్టి, బాగుగా కడిగి, ఆరబెట్టి, ఆ మేర మరల అరటికాయ రుద్దవలెను. ఉప్పును నిమ్మచెక్కను కలిపి తోముట వాడుకలో నున్నది. అది తుప్పును తీయును గాని, ఉప్పు సందులలో మిగిలినచో మరల పట్టించును. గుంటలు పడి అంచు విఱిగినదానిని కమ్మరికి చూపుడు. అతడు అంచును సాగగొట్టి క్రొత్త పదును తీయగలడు. ఆ కూలి క్రొత్త చాకు వెలకంటె హెచ్చు కాదు, కొలిమియు చల్లారకుండును.

ఆవకాయ దినములలో స్టెయిన్‌లెస్ కత్తినే వాడుదమనువారితో మాకు తగవు లేదు. నిమ్మకాయలకు, పండ్లకు అదియే మేలు, ఇనుపవాసన ఉండదు. ఇనుపకత్తితో కోసిన వంకాయముక్క నల్లబడినను విషము కాదు. వెంటనే నీటిలో వేసినచో నలుపు తగ్గును. అరటికాయ ముక్కలను పలుచని మజ్జిగలో వేయు ఆచారమును ఇందులకే.

తుప్పు మేకు గ్రుచ్చుకొనిన ధనుర్వాతము వచ్చునని మన యిండ్లలో గట్టి నమ్మకము. ధనుర్వాతము కలిగించునది తుప్పు కాదు, మట్టిలోను పశువుల పేడలోను నుండు యొక సూక్ష్మజీవి. మెఱయు స్టీలు చాకు మట్టిలో పడి లేచి కోసినను అపాయము అంతయే. తుప్పు గరుకుగా నుండి మట్టిని పట్టియుంచుట మాత్రము నిజము. ఒకప్పుడు శుద్ధిచేయని కొడవలితో బొడ్డుకోసిన పురుళ్ళలో ఎందఱో పసికందులు ఈ వ్యాధికి బలియైరి. టీకాలవలనను, ఆసుపత్రి పురుళ్ళవలనను ఆ శిశుమరణములు తగ్గి, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశమున బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతము నిర్మూలనస్థాయికి చేరినట్లు ధ్రువపఱచెను. నిర్మూలనస్థాయి యనగా ఏ జిల్లాలోను వేయి జననములకు ఒకటికంటె తక్కువ యని అర్థము, వ్యాధి మట్టినుండి పోయినదని కాదు. కావున పొలములో కొడవలి తెగినచో, అది నలుపా ఎఱుపా యని చూచుచు కూర్చుండక, గాయమును సబ్బునీటితో కడిగి టీకా సంగతి విచారింపవలెను.

దసరానాడు ఆయుధములను పూజించుట మన ఆచారము. ఆనాడు కత్తిపీటను, కొడవళ్ళను తెల్లగా తోమి, తడి పసుపు కుంకుమల బొట్లు పెట్టి, మఱునాటివఱకు కదపరు. బొట్టు క్రింద తేమ నిలిచి, సరిగా బొట్టంత మేర తుప్పు లేచుట పెక్కు యిండ్లలో చూచితిమి. ఈ పర్యాయము తోముట మాని, గుడ్డతో తుడిచి, ముందు కొబ్బరినూనె పలుచగా రాచి, ఆ నూనెమీద బొట్టు పెట్టుడు. మఱునాడు తుడిచివేసి, చూరులోనికి పోవు కొడవళ్ళకు ఆముదము పట్టించి, పొడిగుడ్డలో చుట్టి, గోడకు తగులకుండ వ్రేలాడదీయుడు. గోనెసంచిలో మాత్రము చుట్టవలదు, అది తడిని పీల్చును.